రాగి బిందెలో సొర

పశువైద్యంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోను చేసి, "మేడం, మాకు మారుమూల పోస్టింగ్ పడింది. అక్కడ బర్రెలు, గొర్రెలు తప్ప ఏముంటాయి? ఏం నేర్చుకుంటాం?" అని ముక్కు చీదుతుంటారు. నాకు నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. నేను సర్వీసులో ఎక్కువ భాగం నారాయణఖేడ్‌లో చేసినదాన్ని. సముద్రం సంగతి అటుంచండి, చెరువులో నీళ్లు ఉంటేనే ఆ ఏడు మంచి ఏడు అనుకునే ప్రాంతం అది. అక్కడ నేను సొరచేపకు వైద్యం చేశాను. చేయడమే కాదు, బతికించాను. గొప్పలు చెప్పుకుంటోందని మీరు అనుకుంటే సరిగ్గానే అనుకున్నారు. రిటైరయ్యాక కూడా చెప్పుకోకపోతే ఇంకెప్పుడు చెప్పుకోను?

నా రిటైర్మెంటు దగ్గర పడ్డ ఎండాకాలంలో బస్ డిపో అవతలి ఖాళీ జాగాలో చేపల ఎగ్జిబిషన్ వచ్చింది. రేకుల షెడ్డు, అద్దాల సొరంగం, రంగు దీపాలు, బయట తిరుగుడు చక్రం, మిర్చి బజ్జీల బండి. గేటు దగ్గర నోరు తెరిచిన ఇంత పెద్ద సొరచేప బొమ్మ. దాని పళ్ల మధ్య నుంచే జనం లోపలికి పోవాలి. పిల్లలు ఆ పళ్లు చూసే సగం భయపడి తల్లుల కొంగు పట్టుకునేవాళ్లు.

తీరా లోపలున్న అసలు సొర మూరన్నర పొడవు ఉంటుంది. వెచ్చటి సముద్రాల్లో, ఒడ్డు దగ్గర, లోతు లేని నీళ్లలో, రాళ్ల సందుల్లో బతికే జాతి అది. ఈదడం తక్కువ, అడుగున పడుకోవడం ఎక్కువ. కదలాలంటే ముందు రెక్కలు నేలకు ఆనించి పాకినట్టు నడుస్తుంది. మూతి దగ్గర రెండు చిన్న మీసాలు, ఒంటి మీద వెదురు గణుపుల్లా అడ్డపట్టీలు. అందుకే వెదురు సొర అంటారట. రొయ్యలో పీతలో దొరికితే తింటుంది, మనుషుల జోలికి రాదు. ఈ సంగతులన్నీ నాకు తర్వాత తెలిసినవే. అప్పటికి నాకు తెలిసిన సొర, ఆనపకాయని కొందరు పిలిచే సొరకాయ ఒక్కటే.

ఇంత దూరం వచ్చిన జనానికి ఆ ప్రాణి నచ్చలేదు.

"గిదేనా సొర? ఉడుము లెక్కున్నది!" అన్నాడట ఒకాయన.

"లేపుండ్రి దాన్ని. పైసలు వెట్టి అస్తే పండుకునుడేంది?" అని ఇంకొకామె గాజుల చేత్తో అద్దం మీద టకటకా కొట్టిందట.

దానికి మర్యాద తెచ్చిపెట్టింది ఎగ్జిబిషన్‌లో ఊడ్చే పనికి కుదిరిన ఒక మనిషి. పక్క పల్లె నుంచి ఆటోలో వచ్చేది. నడివయసు, గట్టి గొంతు, ఆదివారం మాత్రం చర్చి అయ్యాకే పనిలోకి వచ్చేది. చేపల సంగతి తెలిసిన పనివాడు జబ్బు చేసి సొంత ఊరికి పోతే మేత వేసే పని కూడా ఆమె మీదే పడింది. దాక్కునే చోటు లేక ఆ సొర ట్యాంకు మూలకు ముక్కు ఆనించి పడి ఉండడం చూసి ఆమె మనసు ఆగలేదు. తన పెళ్లికి తల్లిగారు పెట్టిన రాగి బిందె ఇంటి నుంచి తెచ్చి, నీళ్లలో అడ్డంగా పడుకోబెట్టింది. సొర ఒకసారి చుట్టూ తిరిగి చూసి, బిందెలోకి దూరి, చుట్ట చుట్టుకుని, మీసాల మూతి ఒక్కటి బయటికి పెట్టుకుని పడుకుంది.

అంతే, జనం ఎగబడ్డారు. రాగి బిందెల సొర ఉన్నదట అన్న మాట కల్హేర్ అంగడి దాకా పాకింది. ఆటోల నిండా వచ్చేవాళ్లు. పాము పుట్టలో ఉన్నట్టుందని కొందరు దండం కూడా పెట్టారు. యజమాని మైకులో పెద్ద సొర మాట మానేసి, రాగి బిందె మాటే చెప్పించడం మొదలుపెట్టాడు.

ఆ యజమాని ఒకరోజు పొద్దున్నే మా దవాఖానకు వచ్చాడు. కాకినాడ వైపు మనిషి, మాట నిండా మర్యాద. నేను అప్పుడు ఒక బర్రె కడుపులో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఉన్నాను.

"డాక్టరు గారూ, తమరు ఒక్కసారి రావాలండి. మా సొర మేత ముట్టడం లేదండి."

మా కాంపౌండర్ సరిహద్దు అవతలి కన్నడ కుటుంబం మనిషి. నాతో ఏళ్ల తరబడి పనిచేశాడు. నవ్వకుండా నవ్వించడం అతని అలవాటు. బర్రె తోక పట్టుకునే, "అయ్యో దేవా, ఇగ చేపలు సుత మనకే అచ్చినయా? సూది యాడ ఏద్దాం మేడం, తొడకా, మెడకా?" అన్నాడు.

ఇది నా పని కాదు, వెళ్లి చేపల డాక్టరును చూసుకోమని నేను అనొచ్చు. కాని ఎక్కడ చూసుకుంటాడు? ఎంత దూరం పోవాలి? అదీగాక, ప్రాణం ఉన్నదేదైనా గుమ్మం ముందుకొస్తే వెనక్కి పంపడం నాకు చేతకాని పని. చెయ్యి కడుక్కుని బయల్దేరాను.

వెళ్లేసరికి ఊడ్చే ఆమె ట్యాంకు పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచింది.

"డాక్టరమ్మా, దీనికేమైందో సూడు. మొదాల్ల నా చెయ్యి నీళ్లల్ల వెడితే ఉరికొచ్చి రొయ్య గుంజుకుంటుండె. ఇప్పుడు మొకం సుత తిప్పుతలేదు. నా బిడ్డ జరమొచ్చి పండుకున్నట్టే ఉన్నది."

వంగి చూశాను. బిందె తళతళా మెరుస్తోంది. లోపల సొర పక్కకు ఒరిగి ఉంది. మొప్పలు గబగబా ఆడుతున్నాయి. ఒంటి మీద జిగురు పొరలా పట్టింది. మనకు థర్మామీటరు, స్టెతస్కోపు, నాలుక చూడడం అలవాటు. ఇక్కడ అవేవీ పనికిరావు. చూసిన దాన్నిబట్టి ఊపిరి ఆడటం లేదన్నది మాత్రం అర్థమైంది. ఎండలు మండుతున్నాయి, రేకుల షెడ్డు, నీళ్లు వేడెక్కి ఉంటాయనుకున్నాను. గాలి పంపు ఇంకొకటి పెట్టించాను. నీళ్ల సీసాలు గడ్డకట్టించి ట్యాంకులో తేలేయించాను.

ఊళ్లో దానికి ప్రచారం బాగా జరిగింది. "పసుల డాక్టరమ్మ చేపకు ఐసు వెడుతున్నదట" అని హోటళ్ల దగ్గర ఒకటే నవ్వులు. మందుల షాపాయన నన్ను చూసి, "మేడం, సొరకు ఏ గోలీ రాస్తరు?" అని అడిగాడు. నీకు రాసే గోలీయే రాస్తానని చెప్పి వచ్చాను.

నీళ్లు చల్లబడ్డాయి కాని సొర కోలుకోలేదు. ఇంకా నీరసించింది. ఇప్పుడు నాకు పట్టుదల వచ్చింది. నాతో చదువుకుని, తర్వాత సముద్రం ఒడ్డున చేపల మీద పని చేస్తున్న ఒక స్నేహితుడికి ఫోను చేశాను. వాడు ముందు తనివితీరా నవ్వుకున్నాడు. తర్వాత కుదురుగా చెప్పాడు. అది గట్టి పిండమట. ఆటు వచ్చి నీళ్లు వెనక్కి పోయినా, తడి రాళ్ల మధ్య ఓపిగ్గా పడి ఉండి, మళ్లీ పోటు వచ్చేదాకా బతుకుతుందట. అలాంటిది ఊరికే పడిపోదు, నీళ్లలోనే ఏదో తేడా ఉందన్నాడు. చివర్లో, "ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. చేపలకు మచ్చల జబ్బొస్తే మైలుతుత్తం వేస్తుంటారు. సొరకు పొరపాటున కూడా వెయ్యకు. అందులోని రాగి దానికి విషం" అన్నాడు.

నేనేమీ మైలుతుత్తం వేయలేదు కదా అనుకుని ఫోను పెట్టేశాను. ఆ మాట నాకు వెంటనే తగలలేదు. మరుసటి పొద్దున తగిలింది.

గేటు తెరవకముందే వెళ్లాను. ఊడ్చే ఆమె కుళాయి దగ్గర కూర్చుని, బిందెను ఒళ్లో పెట్టుకుని, చింతపండుతో పరపరా తోముతోంది. లోపల చెయ్యి అందినంత మేరా తోముతోంది. పచ్చటి చిలుము నీళ్లతో కలిసి కారుతోంది.

"రోజూ తోముతవా?" అని అడిగాను.

"తోమకుంటే ఎట్ల డాక్టరమ్మా? ఉప్పు నీళ్లకు ఒక్క పూటల పచ్చగైతది. గలీజుల పండుకుంటదా అది? పెండ్లి బిందె లెక్క మెరవాలె" అంది గర్వంగా.

ఉప్పునీళ్లు, రాగి, రోజూ పులుపుతో తోమి కొత్తగా తేల్చిన రాగి. తోమిన ప్రతిసారీ ఆ బిందె మళ్లీ మొదటి నుంచీ నీళ్లలో కరగడం మొదలుపెడుతోంది. ఆ ప్రాణి అందులోనే మూతి పెట్టుకుని పడుకుంటోంది.

పిల్లలూ, ఇక్కడ నాకు సాయం వచ్చింది చేపల చదువు కాదు, గొర్రెల చదువు. ఒకసారి మా దగ్గర గొర్రెలు కాసే కురుమ ఒకతను, బర్రెలకు పెట్టే ఖనిజ లవణాల పొడి బలమని విని గొర్రెలకూ పెట్టాడు. బర్రెకు బలమిచ్చే ఆ పొడిలోని రాగి గొర్రె కాలేయంలో పేరుకుపోతుంది. చాలా కాలం ఏమీ కనబడదు. తర్వాత ఒకరోజు కళ్లు పచ్చబడి, మూత్రం నల్లగా పోసి, మందకు మంద పడిపోయింది. ఆ గొర్రెల మధ్య కూర్చుని నేను ఏడ్చాను. ఒక ప్రాణికి మేలు చేసేది ఇంకొకదానికి విషం కావచ్చని ఆ రోజు నా ఒంటికి పట్టింది. కాబట్టి ఆ బిందె చూసిన మరుక్షణం నాకు అనుమానం కూడా లేదు.

"బిందె తీసేయాలి, ఇప్పుడే" అన్నాను యజమానితో.

ఆయన నోరెళ్లబెట్టాడు. "అదేంటండీ! రాగి నీళ్లు ఒంటికి మంచివని మా ఇంట్లో చిన్నాపెద్దా అందరం పరగడుపున తాగుతామండి. మా అమ్మగారు ఇప్పటికీ తాగుతారండి."

"మీ అమ్మగారు సొరచేప కాదు కదా!" అన్నాను.

"బిందె తీసేస్తే జనం దేన్ని చూడ్డానికి వస్తారండీ?"

"సచ్చిన సొరను చూడ్డానికి వస్తారా?"

మాట్లాడింది ఊడ్చే ఆమె. బిందె ఆమె చేతుల్లోనే ఉంది.

"అంటే నేను సంపుతున్ననా డాక్టరమ్మా?"

మెత్తగా ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. నాకు ఆ విద్య రాదు. "నువ్వు సంపుతలేవు, బిందె సంపుతున్నది. నీకు తెల్వదు, ఆయనకు తెల్వదు, నిన్నటిదాకా నాకూ తెల్వదు" అన్నాను. ఆమె బిందె కింద పెట్టి, చింతపండు చేతులు చీరకు తుడుచుకుంటూ షెడ్డు వెనక్కి వెళ్లిపోయింది. బిందె సంగతి అక్కడున్న ఇద్దరు ముగ్గురు విన్నారు. మధ్యాహ్నానికల్లా ఊరంతా పాకింది. "బిందెల వెట్టి సొరను సంపిందట" అని ఆమె పల్లెలో కూడా అన్నారని మా కాంపౌండర్ చెప్పాడు. సొర ఇంకా బతికే ఉంది, ఊరు మాత్రం అప్పుడే దాని చావు ఆమె నెత్తిన పెట్టేసింది. ఇక ఈ ప్రాణి పోవడానికి వీల్లేదని నేను గట్టిగా అనుకున్నది అప్పుడే.

బిందె తీస్తే చాలదు, రాగి కలిసిన నీళ్లు మొత్తం మార్చాలి. నారాయణఖేడ్‌లో సముద్రపు నీళ్లు ఎక్కడి నుంచి తెస్తాం? యజమాని దగ్గర సముద్రపు ఉప్పు పొడి సంచులు ఉన్నాయి, ఒక్కసారి ట్యాంకు నింపడానికి సరిపోయేంత. బోరు నీళ్లు నాకు నమ్మకం లేదు. ఫిల్టరు నీళ్ల ప్లాంటు ఆయనతో మాట్లాడి ఆటోల్లో క్యాన్లు తెప్పించాం. నీలం డ్రమ్ముల్లో ఉప్పు కలపడం మొదలుపెట్టాం. ఎవరో పెద్దమనిషి వచ్చి, ఇంట్లో దొడ్డుప్పు బస్తా ఉంది, అది వేస్తే పోలేదా అన్నాడు. నేను చూసిన చూపుకు ఆయన బజ్జీల బండి దగ్గరికి వెళ్లిపోయాడు.

ఉప్పు ఎంత కలపాలన్నది పెద్ద పేచీ అయింది. అది కొలిచే గాజు గొట్టం యజమాని దగ్గర ఉండేదట, సామాను దించేటప్పుడు పగిలిందట. ఇన్నాళ్లూ చేత్తో అందాజుగా కలుపుతున్నారు. ఎక్కువైనా ముప్పే, తక్కువైనా ముప్పే. తప్పితే ఇంకోసారి కలపడానికి ఉప్పు లేదు. నా తల ప్రాణం తోకకు వచ్చింది. మా స్నేహితుడికి మళ్లీ ఫోను చేస్తే, సముద్రపు నీళ్ల చిక్కదనం ఎంతో లెక్క చెప్పాడు. ఆ అంకె వినగానే ఎక్కడో విన్నట్టనిపించింది. ఎక్కడో ఏమిటి, రోజూ పొద్దున్నే పాలకేంద్రం దగ్గర వినేదే!

"లాక్టోమీటర్ తీసుకురా" అని కాంపౌండర్‌ను తరిమాను.

పాలలో నీళ్లు కలిపారో లేదో పట్టుకునే గాజు బుడ్డి అది. పాలలో వదిలితే చిక్కదనాన్నిబట్టి తేలుతుంది. మంచి పాలలో ముప్పై దగ్గర నిలబడుతుంది. సముద్రపు నీళ్లలో అయితే ఇరవై అయిదు దగ్గర నిలబడాలి. తన బుడ్డి ఎక్కడ పగలగొడతామోనని పాలకేంద్రం ఆయన కూడా వెంట వచ్చాడు. డ్రమ్ములో బుడ్డి తేలుతుంటే కళ్లజోడు సర్దుకుని వంగి చూశాడు.

"ఇరవై. గీ పాలు మేం తీసుకోం" అన్నాడు.

"నీళ్లు బాగ కలిపిండ్రు మేడం" అన్నాడు కాంపౌండర్, ఎప్పటిలా నవ్వని ముఖంతో.

నవ్వుకుంటూనే ఇంకాస్త ఉప్పు వేశాం, కలిపాం, చూశాం. మళ్లీ వేశాం. బుడ్డి కొంచెం కొంచెం పైకి లేచి ఇరవై అయిదు దగ్గర నిలబడ్డప్పుడు డ్రమ్ము చుట్టూ ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఎండిన చేలు, పత్తి, కంది తప్ప ఏమీ లేని నేల మీద, పాలకేంద్రం బుడ్డితో కొలిచి, మేం సముద్రం తయారు చేశాం. నా సర్వీసంతటిలో నాకు అంత సంతోషం కలిగిన మధ్యాహ్నం ఇంకొకటి లేదు.

సాయంత్రం దాకా ఆ నీళ్లకు గాలి పట్టించి, సొరను తడి బట్టలో ఎత్తి టబ్బులోకి మార్చాం. పాత నీళ్లలో కొత్త నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ అలవాటు చేశాం. ట్యాంకు కడిగి, నింపి, అందులో వదిలాం. బిందెకు బదులు కాంపౌండర్ తన పాతింటి కప్పు నుంచి రెండు గూన పెంకులు తెచ్చి, శుభ్రంగా కడిగి, గుహలా అమర్చాడు. సొర వాటి కిందికి దూరి పడుకుంది.

ఇవన్నీ జరుగుతున్నంత సేపూ ఊడ్చే ఆమె దూరం నుంచే క్యాన్లు మోసి పెట్టింది. ట్యాంకు దగ్గరికి రాలేదు.

మరునాడు మొప్పలు నెమ్మదించాయి. సొర పక్కకు ఒరగకుండా బోర్లా పడుకుంది. కాని తినలేదు. యజమాని రొయ్య వేలాడదీస్తే మూతి తిప్పేసింది. నేను వేలాడదీస్తే లోపలికి జరిగింది. తినకపోతే ఇంత చేసీ లాభం లేదని మా స్నేహితుడు ముందే హెచ్చరించాడు.

ఆ తర్వాతి పొద్దున నేను నేరుగా షెడ్డు వెనక్కి వెళ్లాను. ఆమె చీపురు పట్టుకుని ఊడ్చిన చోటే ఊడుస్తోంది.

"రా. నువ్వే పెట్టాలె."

"నేను రాను డాక్టరమ్మా. నా చెయ్యి మంచిది కాదు. ఊరు ఊరంతా అంటున్నది."

"ఊరు నేను ఐసు పెట్టినప్పుడు నన్ను సుత అన్నది. ఊరికి మొప్పలున్నయా, తోకున్నదా, దానికేం తెల్సు? అది ఆ చేతుల్లకెల్లే తిన్నది ఇన్ని దినాలు. నీ చెయ్యే ఎరుక దానికి. నడువ్."

ఆమె కదల్లేదు. నాకు కోపం వచ్చింది. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను, మొండికేసిన దూడను లాక్కొచ్చినట్టే. సబ్బు అంటకుండా మంచినీళ్లతో మోచేతుల దాకా నేనే కడిగాను. రొయ్య ముక్క వేళ్ల మధ్య పెట్టాను. యజమాని, కాంపౌండర్ ఇద్దరూ కొంచెం దూరంలో నిలబడ్డారు.

ఆమె పీట మీద కూర్చుని చెయ్యి నీళ్లలోకి దించి, పెంకుల ముందు ఆపింది. ఏమీ జరగలేదు. ఆమె కళ్లు మూసుకుంది. పెదాలు కదిలాయి. ప్రార్థన చేసిందేమో, నేను అడగలేదు.

పెంకు కింద నుంచి ముందు మీసాలు వచ్చాయి. తర్వాత మూతి. రెక్కలు నేలకు ఆనించి, ఒక్కో అడుగే వేస్తూ, చిన్నపిల్ల గడప దాటినట్టు బయటికి వచ్చింది. ఆమె వేళ్ల దగ్గర ఆగి, మీసాలతో తడిమి చూసింది. తటాలున రొయ్యను గుంజుకుంది.

కాంపౌండర్ ఔనౌనంటూ కన్నడంలో "హౌదు!" అని అరిచాడు. యజమాని రెండు చేతులూ జోడించాడు. నేను ముక్కు తుడుచుకున్నాను. ఎన్నో బర్రెల ఈతలు చేయించాను, ఎన్నో మందలు కాపాడాను, వాటిలో దేనికీ ఇంత గర్వపడలేదు.

ఆమె మాత్రం మా ఎవరి వైపూ చూడలేదు. కళ్లు తుడుచుకోనూ లేదు. ఒక చెయ్యి నీళ్లలోనే ఉంచి, రెండో చెయ్యి వెనక్కి నా వైపు చాచింది.

"ఇంకోటియ్యి డాక్టరమ్మా, జల్దియ్యి. ఆకలైతున్నది దానికి."